గుణుపురంలో కూర్చుని తెలుగు షోలు అందరితో కలిసి చూసిన సరదా దొరుకుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదమ్మా. మీ పుట్టిల్లు పలాస వైపు, పెళ్లయి ఒడిశాలోని గుణుపురం వచ్చారు. అత్తగారింట్లో తెలుగే మాట్లాడతారు గానీ టీవీలో సాయంత్రం నుంచి తరంగ్, జీ సార్థక్ లాంటి ఒడియా ఛానెళ్లే నడుస్తాయి. మీరు గదిలో ఒక్కరే ఫోన్ పట్టుకుని బిగ్‌బాస్, సీరియళ్లు చూస్తున్నారు, "అదేంటలా అంది!" అనుకోడానికి పక్కన మనిషి లేదు. పోనీ అని నెట్‌లో పెద్ద గ్రూపుల్లో చేరితే ఆదివారం ఎవరు బయటికి వస్తారో శనివారమే చెప్పేస్తున్నారు, పైగా బూతులు. అమ్మ, చెల్లి పక్కన కూర్చుని చూసినప్పటి సరదా ఆన్‌లైన్‌లో దొరుకుతుందా, దొరికితే ఎలా, అత్తగారిని కూడా కలుపుకోవచ్చా అని అడిగారు.

దొరుకుతుంది. కానీ పెద్ద గ్రూపుల్లో దొరకదు. ఇరవై మందికి మించని చిన్న గ్రూపు, ఒకే షో, ఒకే టైము, అందరికంటే ఆలస్యంగా చూసేవాళ్లను బట్టి కబుర్లు. నా సమాధానం ఇంతే, మిగతాదంతా ఎందుకలా అన్నదాని గురించి.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లు కేబుల్ నడిపినవాణ్ణి. ఇప్పుడు డీటీహెచ్ రీఛార్జిలు, సెట్‌టాప్ బాక్సు రిపేర్లు చేసే చిన్న కొట్టు ఉంది. మాకు ఏరు అవతల పాతపట్నం, అది ఆంధ్రా, ఇది ఒడిశా. 1936లో గీత గీశారు గానీ సీరియల్ టైముకి ఆ గీత ఎవరికీ గుర్తుండదు. "మొగలి రేకులు" వచ్చే రోజుల్లో కేబుల్ పోతే నాకు వచ్చిన ఫోన్లు కరెంటాఫీసుకి కూడా వచ్చుండవు. ఆ ఫోన్లు చేసిన వాళ్లలో కొందరి పిల్లలే ఇప్పుడు రాయగడ, బరంపురం, సూరత్, బెంగళూరుల్లో ఉండి నా వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు లీకుల సంగతి, ఎందుకంటే మీ కోపమంతా దాని మీదే ఉంది. బిగ్‌బాస్‌లో నాగార్జున వచ్చే శని, ఆదివారాల ఎపిసోడ్లు మీరు చూసే సమయానికి జరుగుతున్నవి కావు, ముందే తీసినవి. షూటింగ్ దగ్గర ఎంతోమంది పనివాళ్లు, ఆడియన్స్ ఉంటారు, కబురు బయటికి పొక్కకుండా ఉండదు. శనివారం సాయంత్రానికే పేరు తిరిగేస్తుంది. ఫైనల్ ఒక్కటే మనం చూసే సమయానికి కాస్త దగ్గరగా జరుగుతుంది. కాబట్టి లీకు ఆపడం మీ వల్లా నా వల్లా కాదు, అది మీ కంట పడకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లోనే మనిషి ఫొటో పెట్టి మీద ఎర్ర గీత కొట్టేస్తారు కదా, అందుకని శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం రాత్రి దాకా యూట్యూబ్ హోమ్ పేజీ జోలికి పోకండి, అలాంటి ఛానెళ్లకి "సిఫార్సు చేయవద్దు" కొట్టండి. సీరియళ్లకి ఇంకో బాధ ఉంది. డబ్బు కట్టినవాళ్లకి కొన్ని సీరియళ్ల ఎపిసోడ్ టీవీలో రాకముందే యాప్‌లో వచ్చేస్తుంది. రాత్రి ఏడున్నరకి రావాల్సినది పొద్దున్న కాఫీ టైముకే చూసేసిన మనిషి గ్రూపులో ఉంటే, పాపం ఆ మనిషికి నోరు ఆగదు. ఆపుకోమనడం కూడా అన్యాయమే.

అందుకే పైన చెప్పిన పద్ధతి. మామూలుగా గ్రూపుల్లో ముందు చూసినవాడు రాజు, మొదట వాగినవాడిదే మాట. మేం దాన్ని తిరగేశాం. అందరికంటే చివర చూసేది ఎవరో ముందే తెలుసుకుంటాం. మా వాళ్లలో ఒకతను రాయగడ దగ్గర జేకేపూర్ కాగితం మిల్లులో షిఫ్టులు చేస్తాడు. బి షిఫ్ట్ పడిన వారం రాత్రి పది దాటాకే ఇంటికి వస్తాడు, తినేసి చూసేసరికి పదకొండున్నర. ఆ వారం మా కబుర్లు పదకొండున్నరకి మొదలవుతాయి, నిద్ర ఆపుకోలేని వాళ్లు తెల్లారి చదువుకుంటారు. అతను జనరల్ షిఫ్ట్‌లో ఉంటే అందరం టీవీ టైముకే. మొదట్లో ఇద్దరు ముగ్గురు విసుక్కున్నారు గానీ, ఒకసారి వాళ్ల ఇంట్లో పెళ్లి వచ్చి వాళ్లే రెండు రోజులు వెనకబడినప్పుడు ఈ పద్ధతి విలువ తెలిసొచ్చింది.

ఇక అందరూ ఒకే టైముకి చూస్తున్నాం అనుకున్నా నిజానికి ఒకే టైముకి చూడరు. ఇది కేబుల్ వాడిగా నేను బాగా చెప్పగలిగిన సంగతి, కొంచెం ఓపిగ్గా వినండి. ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత దూరం పోయి రావడానికి సిగ్నల్‌కి పట్టేది సెకనులో నాలుగో వంతు, అది లెక్కలోది కాదు. ఆలస్యమంతా వీడియోని కుదించి, మళ్లీ విప్పే దగ్గర వస్తుంది. డీటీహెచ్‌లో, కేబుల్‌లో అది కొన్ని సెకన్లే. ఫోన్ యాప్‌లో లైవ్ చూస్తే కథ వేరు. యాప్ వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపిస్తుంది, మధ్యలో ఆగిపోకుండా మీ ఫోన్ రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకుని అప్పుడు మొదలుపెడుతుంది. మొత్తం కలిపి ఇరవై, ముప్ఫై సెకన్లు వెనకబడటం మామూలే, మీ గుణుపురంలో సాయంత్రం నెట్ నెమ్మదించినప్పుడు అంతకంటే ఎక్కువ.

నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి. సీరియల్ టైటిల్ పడగానే అందరూ గ్రూపులో ఒక్క చుక్క పెట్టండి, అంతే. మా గ్రూపులో ఇది చేసినప్పుడు పాతపట్నం కేబుల్ వాళ్ల చుక్కలు ముందు పడ్డాయి, తర్వాత డిష్ వాళ్లవి, అవన్నీ అయిపోయి కాసేపయ్యాక, అందరూ పాట వింటుండగా, బెంగళూరు కుర్రాళ్ల చుక్కలు ఒక్కొక్కటీ రావడం మొదలైంది. "నా తప్పేం లేదు అంకుల్, ఇక్కడ ఇంకా షాంపూ యాడే వస్తోంది" అని ఒకమ్మాయి. నామినేషన్ల రోజు ఎవరి పేరు చెప్తారా అని ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఆ ముప్ఫై సెకన్ల తేడాలో గ్రూపులో పది మెసేజ్‌లు పడిపోతాయి. ఇంకేం మిగిలింది చూడ్డానికి?

దీనికి మందు చాలా తేలిక. సీన్ నడుస్తుండగా ఎవరూ ఏమీ రాయకూడదు, యాడ్స్ పడ్డాక మాట్లాడుకోవాలి. అందరూ టీవీ ప్రసారమే చూస్తున్నప్పుడు బ్రేక్ అందరికీ వస్తుంది, అర నిమిషం అటూ ఇటూ అంతే. గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చని నిబంధన ఉంది, ఆ టైమంతా మనదే. నిజం చెప్పాలంటే ఇంట్లో కలిసి చూసినప్పుడు కూడా మనం చేసేది అదే కదా, సీన్‌లో మాట్లాడితే అమ్మ "ఉష్" అనేది, బ్రేక్ రాగానే అందరికంటే ముందు ఆవిడే మొదలుపెట్టేది. యాడ్స్ లేకుండా యాప్‌లో తర్వాత చూసేవాళ్లకి బ్రేక్ ఉండదు కాబట్టి వాళ్లు ఫోన్‌లో గ్రూపుని మ్యూట్ చేసి, ఎపిసోడ్ అయ్యాకే తెరవాలి.

పోనీ ఒకే క్షణంలో అందరికీ ఒకే బొమ్మ కనపడేలా చేసే ఏర్పాట్లు లేవా అంటే ఉన్నాయి, వాట్సాప్ వీడియో కాల్‌లో 2023 నుంచి స్క్రీన్ చూపించుకోవచ్చు. కానీ డబ్బు కట్టి చూసే యాప్‌లు చాలావరకు ఆ పద్ధతిలో నల్ల తెరే చూపిస్తాయి, డేటా రెండింతలు తింటుంది, మధ్యలో ఒకరి నెట్ పోతే "వినబడుతుందా, కనబడుతుందా" అనుకోవడంలోనే ఎపిసోడ్ అయిపోతుంది. నేను దాని జోలికి పోవద్దనే చెప్తాను.

వాట్సాపా, టెలిగ్రామా అని కూడా అడుగుతారు, అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే మీలాంటి ఆడపిల్లలకి ఇది ముఖ్యం. వాట్సాప్ గ్రూపులో మీ నంబరు అందులో ఉన్న ప్రతివాడికీ తెలుస్తుంది. తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు మాత్రమే ఉన్న గ్రూపైతే వాట్సాప్ చాలు. ముక్కూమొహం తెలియని జనం ఉంటే మాత్రం వాట్సాప్‌లో చేరకండి. ఇలా ఒక అభిమానుల గ్రూపులో చేరిన మా చుట్టాలమ్మాయికి అర్ధరాత్రి గుడ్‌నైట్ మెసేజ్‌లు, మిస్డ్ కాల్స్ మొదలై, చివరికి నంబరే మార్చుకోవాల్సి వచ్చింది. టెలిగ్రామ్‌లో సెట్టింగుల్లోకి పోయి ఫోన్ నంబరు ఎవరికీ కనపడకుండా పెట్టుకోవచ్చు. ఇంకో సుఖం, అక్కడ రాసిన మాటని మసక చేసి పంపొచ్చు, తాకితేనే విచ్చుకుంటుంది. లీకు చెప్పకుండా ఉండలేని మనిషికి ఇది వరం. వాట్సాప్‌లో ఆ ఏర్పాటు లేదు కాబట్టి మా వాళ్లు వరసగా చుక్కలు పెట్టి, కిందకి కిందకి పోయాక అసలు మాట రాస్తారు, అప్పుడు మెసేజ్ మడతపడి "మరింత చదవండి" అని కనబడుతుంది. మొదటి వాక్యంలో మాత్రం పేరు రాయకూడదు, ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో అదే కనపడుతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం మేం అనుకోకుండా కనిపెట్టిన పద్ధతి. మన వైపు పిల్లలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవాళ్లు, తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే తడుముకుంటారు. పెద్దవాళ్లకి తెలుగు చదవడం వచ్చు, ఫోన్‌లో టైపు చేయడం రాదు. పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే పెద్దవాళ్లకి అర్థం కాదు, పెద్దవాళ్లు ఫార్వర్డ్ చేసిన తెలుగు పిల్లలకి అర్థం కాదు. అందుకని నెమ్మదిగా అందరూ వాయిస్ మెసేజ్‌లకి దిగారు. దిగాక తెలిసింది, లీకులకి కూడా ఇదే మందని. నోటిఫికేషన్‌లో గొంతు కనపడదు, వినాలనుకున్నప్పుడే వింటాం. వాయిస్ అర నిమిషం దాటకూడదు అని ఒక్కటే కట్టుబాటు. దాన్ని మా పాతపట్నం పిన్నిగారు తప్ప అందరూ పాటిస్తారు, ఆవిడకి మినహాయింపు ఉంది. ఎందుకో చెప్తాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది, మీ పలాస దగ్గరే తీరం దాటింది. గజపతి జిల్లా, శ్రీకాకుళం జిల్లా రెండూ నేలమట్టం. మా వైపు స్తంభాలు విరిగి కరెంటు రోజుల తరబడి లేదు. నా కేబుల్ వైర్లు ఎక్కడికక్కడ తెగి చెట్లకి వేలాడుతున్నాయి. కొన్నాళ్లకి టవర్లు లేచాయి గానీ ఇళ్లకి కరెంటు ఇంకా రాలేదు. బియ్యం, నీళ్లు, కొవ్వొత్తుల ఆరాటం నడుస్తున్నప్పుడు ఎవరో గ్రూపులో మెల్లగా అడిగారు, "వంటలక్క ఏమైందో ఎవరికైనా తెలుసా?" అని. అప్పటికి ఆ వంటలక్క సీరియల్ "కార్తీక దీపం" మొదలై ఏడాది అవుతోంది. ఈ పిన్నిగారు అప్పుడు విశాఖలో కొడుకు దగ్గర ఉన్నారు. అక్కడ కరెంటు ఉంది, టీవీ ఉంది. ఆవిడ రోజూ ఎనిమిది దాటాక ఆ రోజు ఎపిసోడ్ మొత్తం వాయిస్‌లో చెప్పడం మొదలుపెట్టారు. "ఏటమ్మా, ఆ మోనిత ఊరుకుంటాదేటి? తలుపు చాటునుండి ఇన్నాది..." అంటూ, ఎవరు ఏ రంగు చీర కట్టారో దగ్గర నుంచి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా నోటితోనే. ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించి ఛార్జి చేసిన ఫోన్ చుట్టూ మా వీధిలో ఆడవాళ్లంతా చాపలేసుకుని కూర్చునేవాళ్లు. గ్రూపులో లేనివాళ్లు, ఒడియా వాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. కరెంటు వచ్చి టీవీలు వెలిగాక ఇద్దరు ముగ్గురు నాతో అన్న మాట, అసలు సీరియల్ కంటే ఆవిడ చెప్పిందే బాగుందని. ఆవిడ వాయిస్ ఎన్ని నిమిషాలైనా మేం వింటాం.

అదే సీరియల్‌తో ఇంకోటి. 2022 మార్చిలో కథలో డాక్టర్ బాబు, దీప ఇద్దరూ ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లలు పెద్దవాళ్లైన కథ ఎత్తుకున్నారు. ఆ వారం మా గ్రూపు చూడాలి. కొందరు నిజంగా ఏడ్చారు, కుర్రాళ్లు మీమ్స్ పెట్టారు, ఏడ్చినవాళ్లకి కోపం వచ్చింది, ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి మా దగ్గర ఒక అలవాటు, కథలో చావులాంటిది జరిగిన రోజు జోకులు మర్నాటికి వాయిదా. నవ్వుకునే హక్కు అందరికీ ఉంది, ఒక్క రాత్రి ఆగితే పోయేదేం లేదు. ఆ ఏడాదే ఆ ఇద్దరినీ మళ్లీ కథలోకి తెచ్చారు, అది వేరే విషయం, అప్పుడు అందరూ కలిసే నవ్వారు.

ఏ షో పెట్టుకోవాలన్నది కూడా ఆలోచించండి, అన్నీ గ్రూపుకి ఒకేలా నప్పవు. బిగ్‌బాస్‌లో జట్లు కట్టడం తప్పదు కాబట్టి గొడవ దానితోనే వస్తుంది. 2018లో రెండో సీజన్ అప్పుడు కౌశల్ అనే పోటీదారు అభిమానులు కౌశల్ ఆర్మీ అని జట్టు కట్టి హైదరాబాద్‌లో 2కే రన్ దాకా తీసుకెళ్లారు. 2023 డిసెంబరు 17 రాత్రి ఏడో సీజన్ ఫైనల్ అయ్యాక అన్నపూర్ణ స్టూడియోస్ బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, కేసులయ్యాయి. ఆట చూడటం, అభిమానం, ఆవేశం, వీటి మధ్య దూరం చాలా తక్కువ. మా దగ్గర ఒకటే నియమం పెట్టుకున్నాం: హౌస్‌లో ఆడిన ఆట గురించి ఎంతైనా తిట్టుకోండి, ఆ మనిషి కులం, ఊరు, ఇంటివాళ్లు, ఒంటి తీరు గురించి ఒక్క మాట వచ్చినా అడ్మిన్ చెప్పకుండా తీసేస్తాడు. ఒకసారి తీసేశాక బతిమాలినా మళ్లీ చేర్చను, బంధువైనా సరే. ఇది కఠినంగా ఉందని నాకు తెలుసు, ఉండాలి కూడా.

పాటల షో అయితే ఈ తలనొప్పి ఏదీ లేదు. "పాడుతా తీయగా" 1996 నుంచి ఈటీవీలో వస్తోంది, బాలు గారు వెళ్లిపోయాక ఆయన అబ్బాయి చరణ్ నడుపుతున్నారు. పాట అయిపోగానే గ్రూపులో ఒకరు పల్లవి పాడి పెడతారు, ఇంకొకరు చరణం అందుకుంటారు, శ్రుతి ఎటు పోయినా ఎవరూ ఏమనరు. పెద్దవాళ్లు ఎక్కువున్న గ్రూపుకి నేను ముందు ఇదే చెప్తాను. వెబ్ సిరీస్ అయితే ఎపిసోడ్లన్నీ ఒకేసారి వచ్చి పడతాయి కాబట్టి రాత్రంతా మేలుకుని చూసేసినవాడు ఒక పక్క, మొదలే పెట్టనివాడు ఒక పక్క ఉంటారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో "90's" వచ్చినప్పుడు, అందులో ఆరే ఎపిసోడ్లు, మేం రాత్రికొకటి చొప్పున పంచుకున్నాం. ఒకేసారి చూసేసినవాళ్లు కూడా ఆ రాత్రి ఎపిసోడ్ గురించే మాట్లాడాలి. మార్కుల కార్డు మీద నాన్న సంతకం గురించి, ఉప్మా గురించి మా వాళ్లు చెప్పుకున్న సొంత కథలు ఆ సిరీస్ కంటే పొడుగయ్యాయి.

కొన్ని జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. "ఎపిసోడ్ లింక్ ఉంది, యాప్‌కి డబ్బు అక్కర్లేదు" అంటూ వచ్చే లింకులు నొక్కకండి, అది దొంగ కాపీ, పైగా ఫోన్‌లోకి ఏమొస్తుందో తెలియదు, నా కొట్టుకి అలా పాడైన ఫోన్లు పట్టుకొస్తూనే ఉంటారు. ఓటింగ్ జియోహాట్‌స్టార్ యాప్‌లోను, మిస్డ్ కాల్‌తోను పెడతారు, రెండూ ఉచితమే. "మా వాడికి ఓట్లు వేయిస్తాం, ఫైనల్ పాసులు ఇప్పిస్తాం, ఇంత పంపండి" అన్నవాణ్ణి అక్కడికక్కడే బ్లాక్ చేయండి. వారం మధ్యలో "ఓటింగ్‌లో ఎవరెక్కడ" అని శాతాలతో సహా తిరిగే లెక్కలు బయట సైట్లు సొంతంగా పెట్టుకున్న పోల్స్, ఛానెల్ వారం వారం ఓట్ల లెక్క చెప్పదు. వాటిని చూసి బీపీ పెంచుకోకండి. డేటా సంగతికి వస్తే, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే వీడియో క్వాలిటీ తగ్గించి పెట్టుకోండి, చిన్న తెర మీద తేడా పెద్దగా తెలియదు, గంట చూసినా వాయిస్‌లకి, ఫొటోలకి ఇంకా మిగులుతుంది.

మొదలుపెట్టడం ఎలా అంటారా? అమ్మ, చెల్లి ఎలాగూ ఉన్నారు. చెల్లి స్నేహితురాళ్లు ఇద్దరు, గుణుపురంలోనే మీలాగా ఆంధ్రా నుంచి కోడలిగా వచ్చినవాళ్లు నలుగురైనా ఉంటారు, బట్టల కొట్టులోనో గుడిలోనో మాట కలపండి, ఆదివారం బిగ్‌బాస్ గురించి ఒక్క ప్రశ్న వేస్తే తెలిసిపోతుంది. ఎనిమిది మంది దొరికితే చాలు, మొదలుపెట్టేయండి. మరీ తక్కువైతే కూడా కష్టమే, ఇద్దరికి పని పడిన రోజు గ్రూపు చప్పబడిపోతుంది. ఇరవై దాటితే మాత్రం మళ్లీ సంతే. ఎక్కువమంది అడుగుతుంటే రెండో గ్రూపు పెట్టించండి, మీదాన్ని పెంచకండి. అడ్మిన్లు ఇద్దరుండాలి, ఒకరు మీ ఇంటి మనిషి కాకుండా చూడండి, లేకపోతే తీసేయాల్సి వచ్చినప్పుడు మొహమాటం అడ్డొస్తుంది.

చివరగా అత్తగారి సంగతి. గ్రూపులో ఆవిణ్ణి ఇప్పుడే చేర్చకండి. మీ అమ్మగారు, చెల్లి ఉన్నచోట ఆవిడ ఉంటే అందరూ ఆచితూచి మాట్లాడాల్సి వస్తుంది, ఆవిడకీ ఇబ్బందే. దానికి బదులు టీవీలోకే తెలుగు తెప్పించండి. ఒడిశాలో డీటీహెచ్ కనెక్షన్ తీసుకుంటే మామూలుగా ఒడియా ప్యాక్ వేసి ఇచ్చేస్తారు, అందుకే మీ ఇంట్లో తెలుగు రావడం లేదు. 2019 నుంచి కావలసిన ఛానెల్ ఒక్కటీ విడిగా ఎంచుకునే వీలుంది, రీఛార్జి కొట్టువాణ్ణి అడిగితే ఒడియా ప్యాక్ అలాగే ఉంచి ఈటీవీ, స్టార్ మా కలుపుతాడు, ఒక్కో ఛానెల్‌కి నెలకి ఇరవై రూపాయలకి కాస్త అటూ ఇటూ. ఆవిడ ఒడియా సీరియళ్ల టైము మీరు ముట్టుకోకండి, ఆ గొడవ మీకొద్దు. ముందుగా "పాడుతా తీయగా" లాంటిది పెట్టి, ఆవిడకి నచ్చిన పాత పాట ఎవరైనా పాడిన రోజు మీ గ్రూపులో వచ్చిన వాయిస్ ఒకటి స్పీకర్లో వినిపించండి. ఆవిడ అడిగితే అప్పుడు చేర్చండి. అడగకపోతే టీవీ ముందు మీరిద్దరూ, ఫోన్‌లో వాళ్లందరూ, అలాగే కానివ్వండి. రీఛార్జి కొట్టువాడు "ఆ ఛానెల్ ఒడిశాలో రాదు" అంటే నమ్మకండి, కంపెనీ యాప్‌లో మీరే ఎంచుకోవచ్చు, ఎలాగో తెలియకపోతే ఏ డీటీహెచ్చో కింద రాయండి, చెప్తాను.